పాతంకె బాబాయ్

ఆయన్ని మార్కెట్ భవనంలో అందరూ పాతంకె అంటారు. వయసులో చిన్నవాళ్ళు పక్కన బాబాయ్ చేరుస్తారు. కొత్తగా విన్నవాళ్ళు అదేదో ఇంటిపేరనుకుంటారు గానీ కాదు. ఎవరు ఏ ఆట పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టి ఏ మార్పు అడిగినా ఆయన నోట్లోంచి ముందు వచ్చేది ఒకే ప్రశ్న: పాత అంకె ఎంత? వచ్చినవాళ్ళు తెల్లమొహం వేస్తారు. అప్పుడు ఆయనే కూర్చుని, ఆట లోపల ఎక్కడో దాక్కున్న ఆ అంకెను వెతికి పట్టుకుని, నోటుపుస్తకంలో రాసి, కింద గీత గీసి, ఆ తరవాతే కొత్త అంకె జోలికి వెళతాడు. అడగ్గా అడగ్గా ఆ రెండు మాటలూ కలిసిపోయి ఆయనకే అతుక్కున్నాయి.

దుకాణం మెట్ల కింద. కప్పు ఏటవాలుగా దిగుతుంది కాబట్టి పొడుగువాళ్ళు లోపలికి రాగానే ఒకసారి తల కొట్టుకుంటారు, రెండోసారి నుంచి వంగి వస్తారు. బోర్డు మీద గడియారాలు, రిమోట్లు, ఆట పెట్టెలు అని రాసి ఉంటుంది. జనం గడియారాలు తేవడం మానేసి పదేళ్ళు దాటింది. ఆ మాట మాత్రం ఆయన చెరపలేదు.

టైలరక్క ఆ మెట్ల కింద మొదటిసారి తల కొట్టుకున్నది ఒక మధ్యాహ్నం, తమ్ముడి వెనకాల వస్తూ. ఆమె వచ్చిన పని చెప్పాలంటే ముందు ఆమె బొటనవేలి సంగతి చెప్పాలి.

ఏడాదిన్నర కిందట కొట్టు కిటికీ తుడుస్తుంటే అద్దం పగిలి కుడి బొటనవేలి నరం తెగింది. ఆసుపత్రిలో డాక్టరు కుట్టేసి, మీ పనే మేమూ చేశామమ్మా అని నవ్వాడు. కుట్టు బాగానే ఉంది డాక్టర్ గారూ, వేలే మడత పడటం లేదు అని ఆమె జవాబు చెప్పింది. మిషను మీద కుట్టడం నాలుగు నెలల్లో తిరిగి వచ్చింది. కత్తెర రాలేదు. కోటు గుడ్డ నాలుగు మడతలు ఒక్కసారి కత్తిరించాలంటే బలమంతా బొటనవేలిదే. పక్క వీధి కటింగ్ మాస్టారు వారానికి రెండుసార్లు వచ్చి గుడ్డలు కత్తిరించి పెట్టిపోయేవాడు. మంచివాడే గానీ నోరు ఊరుకోదు. కత్తిరించిన ప్రతిసారీ, ఇక నుంచి బోర్డు మీద టైలరు తీసేసి కుట్టేవాళ్ళు అని రాయించండి అనేవాడు. ఆమె నవ్వేది. ఇంటికెళ్ళాక కూడా ఆ మాట వదిలేది కాదు.

ఫిజియోథెరపీ అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చింది, మెత్తటి మట్టి ముద్ద ఇచ్చింది. రెండూ వారం తిరక్కుండా మూలపడ్డాయి. రోజుకి నలభై నిమిషాలు బొటనవేలు నొక్కాలి, వదలాలి, దేన్ని నొక్కుతారో మీ ఇష్టం ఆంటీ అని ఆ అమ్మాయి చేతులెత్తేసింది. సిటీ బస్సు నడిపే తమ్ముడు అది విని, అటక మీదున్న తన పాత ఆట పెట్టె దించి తెచ్చాడు. ఒక చిన్న మనిషి భుజాన మూట వేసుకుని, కదిలే పడవల మీద గెంతుతూ నది దాటాలి. ఒక నది దాటితే ఇంకో నది. మొత్తం యాభై. ఈ వయసులో నాకిదేం ఖర్మరా అని మొదలుపెట్టిన మనిషి పదో నదికి వచ్చేసరికి పొయ్యి మీద పాలు పొంగుతున్నా లేచేది కాదు. పదకొండు నెలల్లో ముప్పై ఏడు నదులు దాటింది. బొటనవేలు మొదట ముడుచుకుంది, తరవాత నొక్కింది, తరవాత నొక్కి వదలడం నేర్చుకుంది.

ముప్పై ఎనిమిదో నది దగ్గర బండి ఆగిపోయింది. ఏడు పడవలు, ఇరవై సెకన్లు. ఆమె ఎంత కిందా మీదా పడినా ఐదో పడవ మీద ఉండగానే సమయం అయిపోయి మనిషి బుడుంగున మునిగేవాడు. ఆరు వారాలు అలా ముంచి ముంచి, ఒకరోజు ఆట పెట్టెను సొరుగులో పడేసి తాళం వేసింది. నెల తిరిగాక ఫిజియో అమ్మాయి కోణాల కొలబద్ద వేలికి ఆనించి చూసి, అయిదు డిగ్రీలు వెనక్కి వెళ్ళింది ఆంటీ అంది. ఆ అయిదు డిగ్రీల్లోనే కత్తెర ఉందని ఇద్దరికీ తెలుసు.

తమ్ముడు డిపోలో ఎవరి దగ్గరో, ఆటలో అంకెలు దొంగచాటుగా మార్చే చీట్ కోడ్ల కాయితం సంపాదించాడు. అదృష్టం కొద్దీ ముందు తన ఫుట్‌బాల్ ఆట మీద ప్రయోగించాడు. తెర నిండా ముక్కలు ముక్కలు అక్షరాలు వచ్చి, అతను కాలేజీ రోజుల నుంచి దాచుకున్న జట్టు మొత్తం తుడిచిపెట్టుకుపోయింది. ఆ తరవాత అక్క ఆటను ముట్టుకునే ధైర్యం చెయ్యలేదు. అందుకే ఇద్దరూ మెట్ల కింద తలలు కొట్టుకుని, ఇప్పుడు పాతంకె బాబాయ్ బల్ల ముందు నిలబడ్డారు.

"కొంచెం సమయం పెంచితే చాలు బాబాయ్," అంది ఆమె. "కానీ నా పదకొండు నెలలు పోకూడదు. పోతే మళ్ళీ మొదటి నది నుంచి ఆడను. నా సంగతి నాకు తెలుసు."

ఆయన ఆట పెట్టెలోంచి క్యాసెట్టు బయటికి తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, గడియారాల అలవాటు కొద్దీ. తరవాత ఇందులో బ్యాటరీ ఎప్పుడు మార్చారని అడిగాడు. ఇందులో బ్యాటరీ కూడా ఉంటుందా అని అక్కా తమ్ముళ్ళు మొహాలు చూసుకున్నారు. ఎక్కడి దాకా ఆడారో గుర్తు పెట్టుకునేది చిన్న బిళ్ళ బ్యాటరీ బలంతోనేననీ, పదిహేనేళ్ళ బ్యాటరీ ఇవాళ పోవచ్చు, ఏడాదికి పోవచ్చు, దాన్ని నమ్ముకోకూడదనీ ఆయన చెప్పాడు. సొరుగులో పెట్టి తాళం వేస్తే భద్రంగా ఉందనుకుంది ఆమె ఇన్నాళ్ళూ.

ఆ రోజు ఆయన ఏ అంకే మార్చలేదు. క్యాసెట్టును ఒక తీగ డబ్బాకి తగిలించి అందులో ఉన్నది కంప్యూటర్లోకి దించాడు. ఇంకోసారి దించాడు. రెండింటినీ పక్కపక్కన పెట్టి ఒక్క అక్షరమైనా తేడా ఉందేమో చూశాడు. లేదని తేలాకే పాత బిళ్ళ తీసి కొత్తది పెట్టి, ఆట తిరిగి ఎక్కించి, ముప్పై ఎనిమిదో నది తెర మీద కనపడేదాకా ఆమెను కదలనివ్వలేదు. ఒక కాపీ చిన్న కార్డులో వేసి ఆమె చేతిలో పెట్టాడు.

"ఇది మీ ఇంట్లో ఉండాలమ్మాయ్. నా కొట్టు తగలబడిపోయినా నీ ఆట నీ దగ్గరుంటుంది. రేపు మనం ఏం చేసినా ఈ కంప్యూటర్లో ఉన్న కాపీ మీదే చేస్తాం. చెడితే పారేసి ఇంకోటి తీసుకుంటాం."

ఇంత జాగ్రత్త ఎందుకో ఆయన దాచుకోలేదు. పద్దెనిమిదేళ్ళ వయసులో గడియారాల పని నేర్పిన గురువు, మూత తెరిచే ముందు ముళ్ళు ఎక్కడున్నాయో రాయమనేవాడట. ఆగిపోయిన గడియారానికి కూడా రాయాలి. ఎందుకని అడిగితే, రాస్తే తెలుస్తుంది అనేవాడట, అంతే. నలభై ఏళ్ళు రాశాడు. గడియారాలు పోయి ఆట పెట్టెలు వచ్చాక, ఇందులో ముళ్ళేమున్నాయిలే అని మానేశాడు. అప్పుడే ఒక పెద్దమనిషి, గ్రంథాలయంలో పనిచేసి రిటైరైనాయన, చేపల కొలను ఆట తెచ్చాడు. నాలుగేళ్ళ నుంచి పెంచుతున్న చేపలు. కొలను కొంచెం పెద్దది చేసిపెట్టమన్నాడు. బాబాయ్ అసలు క్యాసెట్టు మీదే ఒక అంకె మార్చాడు. కొలను పెద్దదైంది. చేపల్లేవు. పాత అంకె ఎంతో గుర్తులేదు, కాపీ లేదు. పెద్దాయన తెరను కాసేపు చూసి, ఫరవాలేదు అని క్యాసెట్టు జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ మెట్ల వైపు రాలేదు.

"తిట్టి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాణ్ణి," అన్నాడు బాబాయ్.

మర్నాడు వేట మొదలైంది. ఆట నడుస్తున్నంతసేపూ దాని జ్ఞాపకంలో వేల గదులుంటాయనీ, ఒక్కో గదిలో ఒక్కో అంకె కూర్చుని ఉంటుందనీ ఆయన చెప్పాడు. మనిషి ఎక్కడున్నాడు, మూటలో ఏముంది, ఎన్ని సెకన్లు మిగిలాయి, అన్నీ అంకెలే. తమ్ముడి కాయితం మీది కోడ్ అదే ఆట ఇంకో ముద్రణకు రాసినది కావచ్చు. అక్కడ గోల్స్ లెక్క ఉన్న గదిలో ఇక్కడ జట్టు ఉంది. ఒకరికి రాసిన ఉత్తరం పక్కింట్లో పడ్డట్టు. తమ్ముడు కాయితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

వెతికే పద్ధతి టైలరక్కకు వెంటనే అర్థమైంది. తెర మీద ఇరవై ఉండగా ఆట ఆపితే, ఇరవై కూర్చున్న గదులు మూడు వందల పన్నెండు తేలాయి. ఒక సెకను వదిలి మళ్ళీ ఆపితే, వాటిలో పంతొమ్మిదికి మారినవి నలభై. పదిహేడుకి తొమ్మిది. పద్నాలుగుకి రెండు. సరిగ్గా ఆ సెకనులో ఆపే బొత్తాం ఆయన నొక్కలేదు, ఆమె చేతే నొక్కించాడు. ఆలస్యమైతే మళ్ళీ మొదటి నుంచి. మధ్యాహ్నం అయ్యేసరికి ఆమె బొటనవేలు మండిపోతోంది, ఆయన మాత్రం టీ తాగుతూ ఇంకోసారి అంటున్నాడు.

మిగిలిన రెండు గదుల నంబర్లూ, వాటి పాత అంకెలూ పుస్తకంలోకి ఎక్కాయి. మొదటి గదిలో ఇరవైని కదలకుండా బిగించాడు. తెర మీద ఇరవై అలాగే నిలబడింది. ఆమె సంబరంగా ఐదో పడవ దాకా వెళ్ళింది. ఇరవై ఉండగానే మనిషి బుడుంగున మునిగాడు. బాబాయ్ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. అది లోపలి గడియారం కాదట, మనం చూడటానికి బయట పెట్టిన ముల్లట. ముల్లు పట్టుకుని వేలాడామన్నమాట. రెండో గది బిగించాడు. ఈసారి మనిషి మునగలేదు. నది మీద పడవలే రాలేదు. పడవలు బయల్దేరేది కూడా ఆ గడియారం చూసేనట. దాన్ని ఆపితే నదీ ఆగిపోయింది. చిన్న మనిషి మూట భుజాన వేసుకుని ఒడ్డున నిలబడి ఉన్నాడు, ఎంతసేపైనా నిలబడేలా ఉన్నాడు.

"మునగడం కంటే ఇది నయం," అన్నాడు తమ్ముడు.

రెండు కాపీలు పారేసి మూడోది తీసి బాబాయ్ సాయంత్రం దాకా కుస్తీ పట్టాడు. ఆఖరికి, ఇంతవరకూ నాకు ఇలాంటిది తగల్లేదు, ఆలోచిస్తాను, నువ్వు ఇంటికెళ్ళమ్మాయ్ అన్నాడు. ఆ ఆలోచిస్తాను వినగానే ఆమెకు ఫరవాలేదు అన్న పెద్దాయన గుర్తొచ్చాడు. ఇంటికెళ్ళి కార్డు ఎక్కడ పెట్టిందో చూసుకుంది.

మర్నాడు పొద్దున కటింగ్ మాస్టారు వచ్చాడు. ఆసుపత్రి కోట్ల గుడ్డ బల్ల మీద పరిచాడు. ఆమె పక్కన నిలబడి కొలతల పుస్తకం తెరిచి ఒక్కో కొలతా చదువుతోంది. పొడుగు నలభై రెండు. మాస్టారు కత్తిరించాడు. బల్ల మీద గుడ్డ తగ్గింది. ఇంకో కోటు, పొడుగు నలభై రెండు. మళ్ళీ తగ్గింది. మూడో కోటుకి ఆమె నలభై రెండు దగ్గర వేలు పెట్టి ఆగిపోయింది. మాస్టారు రెండుసార్లు అడిగాడు, ఏమైందని. మీరు కానివ్వండి, ఇప్పుడే వస్తానని పుస్తకం ఆయన చేతిలో పెట్టి, మెడలో టేపు అలాగే ఉండగా మార్కెట్ భవనానికి వెళ్ళింది. తల వంచి మెట్ల కిందికి దూరింది.

"బాబాయ్, గుడ్డ తగ్గుతుంది గానీ పుస్తకంలో కొలత తగ్గదు కదా. ఈ నదికి ఇరవై సెకన్లని ఎక్కడో రాసుకుని ఉండాలి. ఆ పుస్తకం ఎక్కడుంది?"

ఆయన చేతిలో స్క్రూడ్రైవరు అలాగే ఉండిపోయింది. నిన్నంతా తగ్గే అంకెను వెతికారు. తగ్గని ప్రతి గదినీ పనికిరాదని తీసి పక్కన పడేశారు. కావలసింది ఆ చెత్తలోనే ఉంది.

ఆ తరవాత అరగంట పని. ముప్పై ఎనిమిదో నదిలో ఎప్పుడు చూసినా ఇరవైగానే ఉండే గదులు తీశాడు. వెనక్కి వెళ్ళి ముప్పై ఏడో నది తెరిపించాడు. దానికి ఇరవై నాలుగు సెకన్లు. ఆ గదుల్లో ఇప్పుడు ఇరవై నాలుగు ఉన్నది ఒక్కటే. ముప్పై ఆరో నదిలో అదే గది ఇరవై అయిదు చెప్పింది. ఆయన పుస్తకంలో గది నంబరు, పాత అంకె 20 అని రాసి గీత గీశాడు. ఈసారి గీత పక్కన ఇంకో రెండు మాటలు రాశాడు. ఆమె వంగి చూసింది: టైలరమ్మాయి చెప్పింది.

కొత్త అంకె ఎంత పెడదామన్న దగ్గర ఇద్దరికీ పేచీ వచ్చింది. ఆమె తొంభై తొమ్మిది అడిగింది. తొంభై తొమ్మిది పెడితే నది దాటతావు, వేలు నిద్రపోతుందన్నాడు ఆయన. చివరికి ఫిజియో అమ్మాయికి ఫోన్ చేశారు. మందు మోతాదు చెప్పమని అడిగినవాళ్ళున్నారు గానీ సెకన్లు అడిగినవాళ్ళు ఇంతవరకూ లేరని ఆ అమ్మాయి నవ్వింది. ముప్పై రెండుతో మొదలుపెట్టి వారానికి ఒకటి చొప్పున తగ్గించుకుంటూ రమ్మంది. కంప్యూటర్లో కాపీ మీద పదిసార్లు ఆడి, పడవలు వస్తున్నాయనీ, ఆట సరిగ్గా గుర్తుంచుకుంటోందనీ చూశాకే ఆయన, గది నంబరూ కొత్త అంకే కలిసిన ఆ కోడ్‌ను ఆట పెట్టెకీ క్యాసెట్టుకీ మధ్యన పెట్టే చిన్న డబ్బాలో వేశాడు. ఆ డబ్బా ఉన్నంతసేపే కొత్త అంకె. తీసేస్తే ఆట ఎప్పటిలాగే. క్యాసెట్టు ఒంటి మీద గీటు కూడా పడలేదు. ఇంకొకళ్ళతో పోటీపడే ఆటల్లో మాత్రం ఇలాంటివి అడగొద్దని తమ్ముడి వైపు చూసి చెప్పాడు. తమ్ముడు అప్పటికే ఏదో అడగబోయి ఊరుకున్నాడు.

మూడో రోజున ఆమె ముప్పై ఎనిమిదో నది దాటింది. ఇంట్లో ఒక్కతే ఉంది. చూసినవాళ్ళు లేరు. తమ్ముడికి ఫోన్ చేస్తే బస్సు నడుపుతున్నాడు, ఎత్తలేదు. మెట్ల కిందికి ఫోన్ చేసింది. బాబాయ్ విని, సరే, గురువారం రా, ముప్పై ఒకటి చేస్తాను అని పెట్టేశాడు.

గురువారం గురువారం వెళ్ళింది. ముప్పై ఒకటి, ముప్పై, ఇరవై తొమ్మిది. కొన్ని వారాలు గెలిచి వెళ్ళేది, కొన్ని వారాలు ఓడి వెళ్ళేది. ఓడిన వారం ఆయన అంకె తగ్గించడు, పెంచడు. ఒకసారి కోపమొచ్చి నాలుగు పెంచమంది. పెంచుతాను గానీ పుస్తకంలో రాస్తాను అన్నాడు. వద్దులెండి అని వచ్చేసింది. ఇరవై నాలుగు దగ్గర అయిదు వారాలు నిలబడిపోయింది. ఇరవై మూడు మీద యాభయ్యో నది దాటింది. అక్కడ ఆగింది. ఇరవై రెండుకు దిగలేదు, ఎన్నిసార్లు చూసినా. ఫిజియో అమ్మాయి కొలబద్ద ఆనించి, పోయిన అయిదు డిగ్రీలూ వచ్చాయి, పైన ఇంకో తొమ్మిది వచ్చాయి, కొట్టుకెళ్ళి కత్తెర పట్టుకోండి ఆంటీ అంది.

మొదటి రోజు ఒక మడత. వారం గడిచాక రెండు మడతలు. నెల తిరిగేసరికి కోటు గుడ్డ నాలుగు మడతలు పరిచి, మాస్టారు చూస్తుండగా, మెడ నుంచి అంచు దాకా కత్తిరించింది. మధ్యలో రెండుసార్లు చెయ్యి దులుపుకుంది. మాస్టారు అంచు ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాడు. రంపం పళ్ళలా ఒక్కచోట కూడా లేదు. ఈ నోటితోనే అన్నాను గదా, బోర్డు సంగతి, ఏమనుకోకండి అన్నాడు. అనుకున్నాను మాస్టారూ, అందుకే ఇక్కడి దాకా వచ్చాను అంది ఆమె.

ఆ సాయంత్రమే మెట్ల కిందికి వెళ్ళింది. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కుంది. తీరా వెళితే లోపల ఒక నర్సు రిమోట్ పట్టుకుని కూర్చుని ఉంది. ఆమె పని అయ్యేదాకా ఆగాల్సి వచ్చింది. ఆగేసరికి కూడబలుక్కున్నదంతా పోయింది.

"ఇవాళ నాలుగు మడతలు కత్తిరించాను బాబాయ్," అంది.

ఆయన రిమోట్ లోంచి తలెత్తలేదు. మంచిదేగా అన్నాడు. నేను చేసిందేముంది, ఒక అంకె మార్చానంతే, తక్కినదంతా నీ వేలు చేసుకుంది అన్నాడు.

"అంకె మా తమ్ముడూ మార్చాడు బాబాయ్. వాడి జట్టు ఎక్కడుందో ఇప్పటికీ తెలీదు."

నర్సు నవ్వింది. బాబాయ్ కూడా నవ్వాడు, పళ్ళు కనపడేలా. ఆమె ఆయన్ని అలా చూడటం అదే మొదటిసారి. అప్పుడు చెప్పగలిగింది. ఆ రోజు మీరు తొందరపడి క్యాసెట్టు మీద చెయ్యి వేసి ఉంటే నేను ఇవాళ మాస్టారు కత్తిరించినవి కుట్టుకుంటూ ఉండేదాన్ని. మీరు ముట్టుకోకుండా కూర్చున్నారే, ఆ ఒక్క రోజు పని నేను మర్చిపోను. ఇంతే అంది. ఆయన రిమోట్ మూత బిగించి, తెరిచి, మళ్ళీ బిగించాడు.

"లేచి నిలబడండి," అంది ఆమె, మెడలోంచి టేపు తీస్తూ. "మీ చొక్కా కాలరు చూడలేకపోతున్నాను ఆరు నెలల నుంచి."

వద్దన్నాడు. బాగానే ఉందన్నాడు. నర్సు, నిలబడండి అంకుల్, నేనూ సాక్ష్యమే, అది బాగాలేదు అంది. కప్పు తగలకుండా ఆయన బల్ల ఇవతలికి వచ్చి, చేతులు కొంచెం ఎడంగా పెట్టి, డాక్టరు ముందు నిలబడ్డట్టు నిలబడ్డాడు. ఆమె టేపు భుజానికి ఆనించి బొటనవేలితో గట్టిగా నొక్కిపట్టింది. ఎప్పటికిస్తావు అని అడిగాడు ఆయన, గోడ వైపు చూస్తూ.

"పదిహేను రోజులు పడుతుంది. నేనే కత్తిరించి నేనే కుడతాను. తొందరపెడితే ఇవ్వను."

తొందరేం లేదమ్మాయ్ అన్నాడు. ఆమె భుజం రాసుకుంది, చెయ్యి రాసుకుంది, ఛాతీ చుట్టూ టేపు తిప్పి ఒక వేలు సందు వదిలి అదీ రాసుకుంది.